రేవులో కదిలిన మనిషి

ఆ రోజుల్లో కరీంనగర్ పెళ్లికొడుకులందరికీ కోటు ఒక్కటే. నల్లది, మోచేతుల దగ్గర వెలిసిపోయింది, వీపు వైపు నిలువునా కుట్లు విప్పేసింది. లావుపాటివాడు తొడుక్కున్నా బక్కవాడు తొడుక్కున్నా ముందు నుంచి కొలత పెట్టి కుట్టించినట్టే ఉండేది. వెనకాల గుండుసూదులు గుచ్చేవాడు లక్ష్మీరాజం. చుట్టుపక్కల పల్లెల్లో పాత పెళ్లిఫోటోలు దులిపి చూడండి, పదింటిలో ఏడింట ఆ కోటే కనిపిస్తుంది. లోపలి మనిషి మాత్రం నవ్వడు. నవ్వితే కదులుతాడు, కదిలితే ఫోటో పాడవుతుంది, ఫోటో పాడైతే లక్ష్మీరాజానికి ఎక్కడలేని కోపం వస్తుంది.

అతను సాలె ఇంట పుట్టాడు. సిరిసిల్లలో తండ్రికి రెండు మగ్గాలుండేవి. మగ్గం గుంటలో కూర్చుంటే కొడుక్కి కాళ్లు తిమ్మిరెక్కేవి, చూపు గుమ్మం దాటి వీధిలోకి పోయేది. ఇరవయ్యేళ్లు వచ్చినా పోగు అతకడం రాకపోయేసరికి తండ్రి విసిగిపోయి, "నీకు చేతిల పోగు కండ్లవడది గని ఊరంత కండ్లవడ్తది. ఏటన్న పో" అన్నాడు. పోయి పోయి కరీంనగర్ లో ముస్తఫా సాబ్ ఫోటోదుకాణంలో తేలాడు.

ముస్తఫా సాబ్ గోరింటాకు పెట్టిన గడ్డం పెద్దమనిషి. ఆయన దగ్గర మూడు కాళ్ల కర్ర కెమెరా, మెట్లూ పూలకుండీ వేసిన ఒక పరదా, మనం చెప్పుకున్న కోటు ఉండేవి. ఫిల్ము చుట్టలు అప్పటికే వచ్చినా ఆయన వాటిని నమ్మేవాడు కాదు. బొమ్మ గాజు ప్లేటు మీద పడాల్సిందే. నల్లగుడ్డలో తల దూర్చి, "హిల్‌నా నై! కదిలినోడు ఫోటోకు పనికిరాడు!" అని అరిచేవాడు. లక్ష్మీరాజం నేర్చుకున్న మొదటి పాఠం అదే, నెత్తికెక్కించుకున్న పాఠమూ అదే.

మరి చెప్పినా వినక ఎవడైనా కదిలితే? దానికి ఎర్రరంగు ఉంది. ప్లేటు మీద కదిలిన మనిషి మసకమసకగా పడతాడు కదా, ఆ మసక మీద సన్న కుంచెతో ఎర్రరంగు పూస్తారు. రంగు పూసిన చోట వెలుతురు దూరదు, కాగితం మీద అక్కడ తెల్లగా ఉండిపోతుంది. వెనక తెల్లటి గోడో ఆకాశమో ఉంటే అక్కడ మనిషి ఉండేవాడని బ్రహ్మదేవుడు కూడా పోల్చుకోలేడు. ఒక పెళ్లి ఫోటోలో పాన్ ఉమ్మడానికి పక్కకు తిరిగిన పెళ్లికొడుకు మేనమామను లక్ష్మీరాజం అట్లాగే మాయం చేస్తే, ఆరు నెలల దాకా ఆ ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టాక కూడా ఎవరూ బాధపడలేదట.

నలభై ఎనిమిదిలో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం సర్కారు పోయింది. ఊళ్లో ఉర్దూ బోర్డులు కొన్ని దిగాయి, తెలుగు బోర్డులు కొన్ని ఎక్కాయి. ముస్తఫా సాబ్ కొన్నాళ్లు దుకాణం తలుపులు సగమే తెరిచి, చివరికి హైదరాబాదులో ఉన్న కూతురింటికి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాడు. పోయేరోజు తాళంచెవి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"బేటా, కెమెరా నీది, పరదా నీది, కోటు నీది. గా ఎర్రరంగు మాత్రం జర సోంచాయించి వాడు. మనిషిని తీసేసుడు మస్తు అల్కగ ఉంటది" అన్నాడు.

లక్ష్మీరాజం బస్టాండు దాకా ఆయన పెట్టె మోసుకెళ్లి, బస్సు కదిలాక పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చినవాడు ఆ చివరి మాటను మాత్రం మనసుకు పట్టించుకోలేదు. గురువులు పోతూపోతూ చెప్పే మాటల్ని ఎవరు పట్టించుకున్నారు కనుక.

యాభై రెండులో వచ్చిన మొదటి ఎన్నికలు అతన్ని పత్రికలోకి లాగాయి. హైదరాబాదులోని ఒక తెలుగు దినపత్రికవాళ్లకు పల్లెలో ఆడవాళ్లు ఓటు వేసే ఫోటో కావలసి వచ్చింది. లక్ష్మీరాజం కెమెరాను సైకిలుకు కట్టుకుని వెళ్లాడు. బడి ముందు ఆడవాళ్లు వరసలో నిలబడి ముచ్చట్లాడుకుంటున్నారు, ఒకామె పిల్లకు పాలిస్తోంది, ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. అతను కెమెరా దింపి, "అందరు ఇటు చూడుండ్రి! ఎవ్వలు కదలొద్దు!" అని ఒక్క కేక పెట్టాడు. ముచ్చట్లు ఆగిపోయాయి, పోట్లాట ఆగిపోయింది, పాపం ఆ పిల్ల పాలు కూడా ఆగిపోయాయి. నలభైమంది ఆడవాళ్లు పోలీసుల ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయి పత్రికలో పడ్డారు. పత్రికవాళ్లకు తెగ నచ్చింది.

అప్పటి నుంచి ఊళ్లో అతనికి పేపరాయన అని పేరు. కాలువల శంకుస్థాపనలూ వేములవాడ శివరాత్రి జాతరా కరువులూ పశువుల సంతలూ, యాభై ఆరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే పంచిన మిఠాయిలూ అన్నీ తీశాడు. ఫోటో కవరులో పెట్టి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిస్తే మూడోనాడు పత్రికలో అచ్చయ్యేది. పని మీద అతనికున్న భక్తికి వంక పెట్టలేం. ఎండనక వాననక తిరిగాడు. కానీ ఏ ఫోటో చూసినా మనుషులు పెళ్లిఫోటోకు నిలబడ్డట్టే ఉండేవారు. గడ్డివాముతో సహా ఇల్లు కాలిపోయిన రైతు కూడా బూడిద ముందు చొక్కా గుండీలు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆ ఫోటో చూసి అతని భార్య సక్కుబాయి, "గీయినె ఇల్లు కాలిందా, కొత్తింట్లకు వోతుండా?" అని అడిగింది.

సక్కుబాయిది ఆసిఫాబాదు దిక్కు. మాట పదును, పని చురుకు. దుకాణం వెనక బావి నీళ్లతో ఫోటోలు కడిగేది ఆమే. భర్త తీసిన ప్రతి బొమ్మనూ ముందుగా చూసేదీ, ముందుగా తిట్టేదీ ఆమే. లక్ష్మీరాజం ఆ తిట్లను విననట్టు నటించేవాడు, కానీ ఆమె ఏమీ అనకపోతే ఆ రోజు అన్నం సయించేది కాదు.

పందొమ్మిదివందల అరవై ఒకటి శ్రావణంలో గోదావరికి పెద్ద నీళ్లొచ్చాయి. నది ఫోటో పంపమని పత్రిక నుంచి టెలిగ్రాం వచ్చింది. లక్ష్మీరాజం పొద్దున్నే బస్సెక్కి రేవుకు చేరాడు. కరీంనగర్ జిల్లా మనుషులు ఆదిలాబాదు జిల్లాకు పోవాలంటే అక్కడ నావెక్కి దాటాలి. వేలంలో రేవు పాట పాడుకున్న గుత్తేదారు లింగమూర్తి తెల్లటి ధోవతిలో ఒడ్డున నిలబడి ఉన్నాడు. నావకు నడిపేవాడితో కలిపి ఇరవై అయిదుగురు మనుషులని సర్కారు లైసెన్సు. నావ నడిపేది రాయమల్లు అనే ముసలి బెస్త.

కెమెరాను చూడగానే లింగమూర్తి మొహం వెలిగిపోయింది. "నా నావ పేపర్ల పడాలె లక్ష్మీరాజం. ఏ రాయమల్లూ, ఆపు! ఫోటో దిగినంకనే తాడు ఇప్పు" అన్నాడు.

ఆ రోజు అతని దగ్గర ఒకటే ప్లేటు మిగిలి ఉంది. ఒడ్డున పల్లంలో మూడు కాళ్లూ పాతి, నల్లగుడ్డలో తల దూర్చాడు. నావ నిండా జనం. మొన దగ్గర గడ వేసుకుని రాయమల్లు, వెనక చివర భుజం మీద మూటతో నిలబడ్డ ఒకడు, వాళ్ల వెనక తెల్లటి మబ్బు పట్టిన ఆకాశం. లక్ష్మీరాజం తన పాత కేక పెట్టాడు. "అందరు ఇటు చూడుండ్రి! ఎవ్వలు కదలొద్దు!" అందరూ ఇటే చూశారు. రాయమల్లు కూడా మీసం సవరించుకుని ఇటే చూశాడు. సరిగ్గా కెమెరా కంటి మూత తీసిన క్షణంలో ఆ వెనక చివరివాడు తల అటు తిప్పి చెయ్యి పైకెత్తాడు. ఏదో అరిచినట్టు కూడా ఉంది, నీళ్ల హోరులో వినపడలేదు.

"పాడుజేసిండు! ఒక్కడు, ఒక్కడంటె ఒక్కడు, సక్కగ నిలవడ్తె ఏంబోయె!" అని లక్ష్మీరాజం తిట్టుకున్నాడు. ఇంకో ప్లేటు లేదు. పైన రోడ్డు మీద బస్సు హారను కొడుతోంది. కెమెరా భుజానేసుకుని పరుగెత్తాడు.

సాయంత్రానికి ప్లేటు కడిగి చూస్తే అతను అనుకున్నట్టే అయింది. ఇరవై అయిదు మొహాలు చక్కగా పడ్డాయి. చివరివాడు మాత్రం మసక. తల స్థానంలో మరక, చెయ్యి స్థానంలో చార. ఎర్రరంగు తీశాడు, కుంచె తడిపాడు, పది నిమిషాల్లో పని ముగించాడు. వాడి చోట తెల్లటి ఆకాశం పరుచుకుంది. మర్నాడు పొద్దుటి బస్సుకు కవరు పంపి తృప్తిగా చాయ తాగాడు.

చాయ గ్లాసు కింద పెట్టకముందే కబురొచ్చింది. నిన్న అతను బస్సెక్కిన కాసేపటికే, నది నడుమ, పైనుంచి ఒక్కసారిగా వచ్చిన కొత్తనీరు తగిలి ఆ నావ బోల్తా పడింది.

పత్రికవాళ్లు ఆ ఫోటోను మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల వెడల్పున వేశారు. మునిగిపోవడానికి కొద్ది నిమిషాల ముందు, అని కింద రాశారు. హైదరాబాదు నుంచి సంపాదకుడు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. దుకాణం ముందు జనం గుమిగూడారు. కొందరు అతన్ని పొగిడారు, కొందరు ఆ మూడు కాళ్ల మిషనే ప్రాణాలు తీసిందని దూరం నుంచే వెళ్లిపోయారు. లక్ష్మీరాజానికి పేరొచ్చినందుకు సంతోషం కలిగింది, చచ్చినవాళ్ల వల్ల పేరొచ్చినందుకు సిగ్గేసింది, ఆ సిగ్గు కన్నా సంతోషమే కాస్త ఎక్కువగా ఉన్నందుకు మరీ సిగ్గేసింది. ఎర్రరంగు కింద ఉన్న మనిషి మాత్రం అతనికి గుర్తే రాలేదు. నిజం చెప్పుకోవాలి కదా, మనం తుడిచేసిన వాళ్లు మనకెప్పుడు గుర్తొచ్చారు?

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వేములవాడ దగ్గరి పల్లె నుంచి ఒకామె దుకాణానికి వచ్చింది. పాతికేళ్లుంటాయి. చేతులకు గాజులున్నాయి, నుదుట బొట్టుంది, మొహంలో మాత్రం కళ లేదు. కొంగులో నుంచి మడతలు నలిగిన పత్రిక తీసి బల్ల మీద పరిచింది.

"అన్నా, గీ ఫోటో తీసింది నువ్వేనా?"

"నేనే చెల్లె. ఎవ్వలు నువ్వు?"

"నా పేరు యాదవ్వ. మా ఆయన పేరు అంతయ్య. గా దినం పొద్దుగాల నస్పూర్ల బొగ్గుబాయి పని అడుగుతనని పోయిండు. మళ్ల రాలే. నస్పూరుకు మనిషిని తోలితే గక్కడికి రానే రాలేదన్నరు. రేవు కాడికి పోయి అడిగితె గా లింగమూర్తి ఏమన్నడో ఎరుకేనా? ఎక్కింది ఇరవై అయిదుగురే, సచ్చినోళ్లు తొమ్మిదిమంది, ఒడ్డెక్కినోళ్లు పదహారుమంది, అందరు ఫోటోల ఉన్నరు, నీ మొగడు లేడు, గాయినె నా నావ ఎక్కనే లేదు, ఏ భీమండి మగ్గాలకో పోయుంటడు అన్నడు."

ఆమె పత్రిక మడతలు చేత్తో సాపు చేసింది. మళ్లీ తనే చెప్పుకుపోయింది.

"ఊళ్లె గిప్పుడు అందరు గదే అంటున్నరు. మొగడు ఇడిచిపెట్టి పోయిండని. దినాలు చేద్దామంటె మా బావ, బతికున్నోనికి ఎట్ల చేస్తమంటడు. పేరంటానికి పిలువరు, ఏడ్సుదామంటె ఎందుకేడుస్తున్నవంటరు. వచ్చే సోమవారం తాలూకా కచ్చేరిల విచారణ ఉన్నదట. గీ ఫోటోనే సూపెడ్తరట. నువ్వు ఒక్కసారి పెద్ద కాయితం మీద సూడన్నా. ఏ మూలకన్న మా ఆయన ఉన్నడా? సచ్చిండంటే సచ్చిండని ఏడుస్త. పోయిండంటే తిట్టుకుంట బతుకుత. ఏదో ఒకటి తేలాలె నాకు."

లక్ష్మీరాజం పత్రికను దగ్గరికి లాక్కున్నాడు. "మనిషి ఎట్లుంటడు?" అని అడిగాడు.

యాదవ్వ ఏడుస్తూనే నవ్వింది. "ఎట్లుంటడంటె ఏం చెప్పాలె? నలుగురు ఒకదిక్కు చూస్తె గాయినె ఇంకోదిక్కు చూస్తడు. పెండ్లిల పుస్తె కట్టేటప్పుడు సుత, గుంజకు కట్టేసిన లేగ తాడు తెంపిందని అటు చూసిండు. అందరు నవ్విరి. గా దినం భుజం మీద మూట ఉన్నది. నా పాత గళ్ల చీర చింపి కట్టిచ్చిన."

"చూస్త చెల్లె. సోమవారం వస్త" అని మాత్రం అనగలిగాడు. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. ఆమె పోయాక పెట్టె తెరిచి ప్లేటు తీశాడు. చివరన బొటనవేలంత ఎర్రటి మచ్చ.

సక్కుబాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "గా ఎరుపు కింద ఎవ్వడున్నడు?" అని అడిగింది.

"కదిలినోడు."

ఆమె ప్లేటును వెలుతురుకు పట్టి చూసింది. తిట్టనైనా తిట్టలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "కచ్చేరిల చెప్తె నా పని ఒడిసినట్టే" అన్నాడు లక్ష్మీరాజం. "పత్రికోళ్లు ఇంక నా ఫోటో ముట్టరు. పదేండ్ల సంది తీసినయన్ని గిట్లనే చేసినవా అంటరు. చేసిన గద, కొన్ని చేసిన. చెప్పకుంటె ఎవ్వలకు ఎరుక?"

"నీకెరుక, నాకెరుక" అంది సక్కుబాయి. "గామె గా గాజుల చేతులతోని దినాం ఎవ్వల దిక్కు చూడాలె? లే, కడుగుదాం." అంటూ నీళ్ల గిన్నె అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు. ఇంట్ల కడిగితె ఎవ్వడు నమ్మడు. గా ఎరుపు అట్లనే ఉంచు. కచ్చేరిల నలుగురి ముందట కడుగు."

సోమవారం తాలూకా కచ్చేరి నిండిపోయింది. లింగమూర్తి తరఫు వకీలు పత్రికను పైకెత్తి పట్టుకుని ఒక్కొక్క తలనూ వేలితో లెక్కబెట్టాడు. ఇరవై అయిదు. "లైసెన్సు ప్రకారమే ఎక్కించినం సార్. ఫోటో అబద్ధం చెప్పదు గద" అన్నాడు. ఆ మాటతో సగం కచ్చేరి యాదవ్వ వైపు తిరిగి చూసింది. ఆమె తల దించుకోలేదు, లక్ష్మీరాజం వైపే చూస్తోంది.

లక్ష్మీరాజం లేచాడు. ప్లేటు పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. "అబద్ధం చెప్తది సార్" అన్నాడు. "నేనే చెప్పించిన. గా నావల ఇంకొకడున్నడు. కదిలి పాడైండని నేనే రంగు పూసి తీసేసిన. అప్పటికి నావ మునిగిందని నాకు తెల్వది."

కచ్చేరిలో కలకలం రేగింది. వకీలు తెలివైనవాడు, వెంటనే అందుకున్నాడు. "చూసిండ్రా సార్? తీసుడు వచ్చినోనికి పెట్టుడు రాదా? గిప్పుడు ఎవణ్నో గీసుకోని వచ్చి ఉంటడు."

"గందుకే ఇంట్ల కడుగలే సార్. ప్లేటు ఎట్లున్నదో అట్లనే తెచ్చిన. నేను ముట్ట. మీరే కడుగుండ్రి."

తహసీల్దారు నడివయసు మనిషి, పెద్దగా మాట్లాడడు. గిన్నెలో నీళ్లు తెప్పించాడు. లక్ష్మీరాజం చెప్పినట్టు దూది తడిపి తనే ఆ మచ్చ మీద మెల్లగా అద్దాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. రెండోసారి, మూడోసారి. గాజు తేటపడింది. ఆరిన తర్వాత ప్లేటును చట్రంలో పెట్టి, ఎండ తగిలితే దానంతటదే అచ్చయ్యే కాగితం వెనక బిగించి, కచ్చేరి మెట్ల మీద ఎండలో ఉంచారు. తహసీల్దారూ వకీలూ బంట్రోతులూ లింగమూర్తీ యాదవ్వా అందరూ ఆ చట్రం చుట్టూ వంగి నిలబడ్డారు.

ముందు నావ వచ్చింది. తర్వాత మొహాలు వచ్చాయి. చివరికి తెల్లటి ఆకాశం ఉండాల్సిన చోట మెల్లమెల్లగా ఒక మనిషి నిలబడ్డాడు. మొహం లేదు, మరక ఉంది. కానీ భుజం మీద మూట మాత్రం కదలలేదు. దాని గళ్లు ఒక్కొక్కటే లెక్కబెట్టుకోవచ్చు.

"నా చీర" అంది యాదవ్వ. "గవి నా చీర గళ్లే."

ముసలి బెస్త రాయమల్లు అప్పటిదాకా గుత్తేదారు వెనక నక్కి ఉన్నాడు. నావ బోల్తా పడ్డనాడు బయటపడ్డవాళ్లలో అతనొకడు. గుత్తేదారు చెప్పమన్నట్టే ఇరవై అయిదుగురని వాంగ్మూలం ఇచ్చినవాడు. ఇప్పుడు ముందుకు వంగి ఆ ఎత్తిన చెయ్యిని చూశాడు, చూసి మెట్ల మీద కూలబడ్డాడు.

"పై దిక్కు చూపెడ్తుండు సార్" అన్నాడు. "ఏరు పై దిక్కు. కొత్తనీరు వస్తుందని చూపెడ్తుండు. నురగ, పుల్లలు వచ్చి ఉంటయి, గాయినె చూసిండు. నా ఎనుక ఎవడో అరుస్తుండె సార్, నాకు ఇనవడ్డది. ఫోటోల మొఖం సక్కగ పడదని నేను తిరుగలే. తిరిగి చూస్తె తాడు ఇప్పకపోదును. ఇంట్ల ముగ్గురు మనుమలున్నరు, గుత్తేదారు పని తీసేస్తడని అబద్ధం చెప్పిన."

లక్ష్మీరాజం మళ్లీ ఫోటో వైపు చూశాడు. ఇరవై అయిదుగురు తన వైపు చూస్తున్నారు, తను చూడమన్నాడు కాబట్టి. ఒక్కడు నది వైపు చూస్తున్నాడు. ఆ ఒక్కణ్నే తను పనికిరాడని తీసేశాడు. అతనికి ఏడుపు రాలేదు, లోపల ఏదో విరిగినట్టయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ నొప్పి అట్లాగే ఉండిపోయింది.

ఏడ్చింది యాదవ్వ. కచ్చేరి మెట్ల మీద కూర్చుని, రెండు నెలలుగా ఆపుకున్నదంతా బయటపెట్టి, గుండెలు బాదుకుని ఏడ్చింది. బంట్రోతు ఊరుకోమనబోతే తహసీల్దారు చేయి అడ్డం పెట్టాడు. "ఇన్నొద్దులు నన్ను ఏడువనియ్యలేరు గదా!" అని ఆమె ఎవరినో కాదు, లోకాన్నంతా అడిగింది. అక్కడే నిలబడ్డ ఆమె బావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి లెక్కపెట్టి పదకొండో రోజున అంతయ్యకు దినాలు చేశారు.

కాగితాల మీద నావలో ఇరవై ఆరుగురని రాసుకున్నారు. లింగమూర్తి రేవు పోయింది. లక్ష్మీరాజం పత్రిక కూడా పోయింది. అతను అనుకున్నట్టే సంపాదకుడి దగ్గరి నుంచి రెండో ఉత్తరం వచ్చింది. మొదటిదాని కన్నా చాలా చిన్నది. సక్కుబాయి దాన్ని చదివించుకుని, మడిచి, మొదటి ఉత్తరంతో కలిపి దాచింది.

తర్వాత కొన్నాళ్లకు అతను యాదవ్వ ఇంటికి పోయి, "మంచి బొమ్మలు గీసేటాయన ఉన్నడు చెల్లె, నువ్వు చెప్తుంటె మొఖం గీస్తడు, ఫోటోల అతికిస్త" అన్నాడు.

"వద్దన్నా" అంది ఆమె. "ఒకసారి తీసినవు. గిప్పుడు ఇంకోటి పెట్టకు. ఉన్నది ఉన్నట్టే ఇయ్యి." అతను నావ మొత్తాన్ని పెద్దదిగా అచ్చు వేసి, చట్రం కట్టించి ఇచ్చాడు.

రెండేళ్లపాటు నస్పూర్ వెళ్లి బొగ్గుబాయి కార్మికులకు గుర్తింపు కార్డు ఫోటోలు తీసి పొట్ట పోసుకున్నాడు. కోటు అక్కడా పనికొచ్చింది. ఎర్రరంగు సీసాను కడిగేసి గుండుసూదులు పోసుకున్నాడు. కర్ర కెమెరాను అటకెక్కించి, చేతిలో ఇమిడే ఫిల్ము కెమెరా ఒకటి సంపాదించాడు. దాంతో సంతలూ పొలాలూ తిరగడం మొదలుపెట్టాడు. ఎవరినీ ఇటు చూడమనలేదు. జైనూర్ సంతలో ఒక గోండు ముసలామె ఇప్పపూలు కొలుస్తూ కొలత మీదే చూపు పెట్టి ఉంది. అతను ఒక మూల గంటసేపు కూర్చుని, ఆమె తనను మరిచిపోయాక తీశాడు. ఆ బొమ్మను చూసిన సక్కుబాయి ఈసారీ ఏమీ అనలేదు. కడిగి, ఆరబెట్టి, తనకొకటి అడిగి తీసుకుంది. అరవై నాలుగులో ఇంకో పత్రిక అతన్ని పిలిచింది. ఇప్పుడు తగాదా అంతా ఫోటో దిగేవాళ్లతోనే. "మేం తయారు కాకముందే తీసిండు, నేను గోక్కుంటుంటె తీసిండు" అని నాయకులు మొత్తుకునేవారు. లక్ష్మీరాజం తల గోక్కుని, "గట్లనే మంచిగున్నరు సార్" అని తప్పుకునేవాడు.

అరవై ఎనిమిది పెత్తరమాస నాడు యాదవ్వ అతన్ని భోజనానికి పిలిచింది. పెద్దలకు పెట్టుకునే రోజు. గోడకు నావ ఫోటో ఉంది, చట్రానికి పసుపు కుంకుమ పెట్టారు, ముందు విస్తట్లో అంతయ్యకు ఇష్టమైన పచ్చిపులుసు, గారెలు వడ్డించారు. లక్ష్మీరాజం పీట మీద కూర్చున్నాడు. కెమెరా సంచిలోనే ఉంది, తీయాలని అనిపించలేదు.

బావ ఇంటికి ఆ ఏడే వచ్చిన కొత్త కోడలు దీపం పెట్టడానికి ఫోటో ముందుకు వెళ్లి తికమకపడింది. ఇరవై ఆరుగురిలో దండం ఎవరికి పెట్టాలో ఆ పిల్లకు తెలియలేదు. "చిన్నత్తా, ఇందుల మా చిన్నమామ ఎవ్వలు?" అని అడిగింది.

లక్ష్మీరాజం చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది.

యాదవ్వ పులుసు గిన్నె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోటో దగ్గరికి వచ్చింది.

"గందరు పటం తీసేటాయన దిక్కు చూస్తున్నరు గద బిడ్డా" అంది. "చూడనోడే మీ చిన్నమామ."